సరోజినీదేవి దేహయాత్ర

హైదరాబాదు నగరవాసులకు సరోజినీదేవి పేరు నిత్యవ్యవహారములోని పేరు. కంటిజబ్బు వచ్చినవారు మెహదీపట్నమున ఆమె పేరిటి ఆసుపత్రికి పోవుదురు. గచ్చిబౌలిలోని కేంద్రవిశ్వవిద్యాలయమున నాట్యము, నాటకము, చిత్రలేఖనము, పత్రికారచన నేర్పు విభాగమునకును ఆమె పేరే పెట్టిరి. ఆ విశ్వవిద్యాలయము 1974లో పుట్టినది ఆమె కుటుంబము నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్ అను భవనముననే. తరువాత నగరమునకు పడమటనున్న రాతిగుట్టల నడుమకు తరలినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఆ గుట్టల పొరుగున మాధాపురము మొదలు నానక్‌రాంగూడవరకు అద్దాల మేడలు లేచినవి. దేశదేశముల లెక్కలను, లేఖలను మన యువకులు రేయింబవళ్లు అచ్చట కూర్చుండి చక్కబెట్టుచున్నారు.

ఆమెను గూర్చి వ్రాయువారు కవయిత్రి యనియు, మహావక్త యనియు, కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలనియు వ్రాయుదురు. అవన్నియు నిజములే. కాని ఆమె డెబ్బదియేండ్ల జీవితము చిన్ననాటనే చెడిన యొక దేహముతో చేసిన కాపురమని చెప్పువారు అరుదు. 1949 మార్చి 1వ తేది రాత్రి లక్నోలోని గవర్నరు మందిరమున ఆమె దుర్భరమైన తలనొప్పితో బాధపడుచుండగా వైద్యులు ఆమె శరీరమునుండి నెత్తురు తీసిరి. ఆమె అప్పుడు జనసంఖ్యలో దేశమునకెల్ల పెద్దదైన రాష్ట్రమునకు గవర్నరు, ప్రధానమంత్రికి ఆప్తురాలు. ఆమెకు దొరకని వైద్యము ఆనాడు భారతదేశమున మరియొకరికి దొరకునది కాదు. అట్టి ఆమెకు జరిగిన చికిత్స నెత్తురు తీయుట! ఈ యొక్క సంగతిని చేతబట్టుకొని ఆ జీవితమును మరల చూడవలసియున్నదని మా తలంపు.

సరోజినీదేవి 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశీయుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రాచార్య పట్టము పొంది, నిజాము రాజ్యమునకు వచ్చి, తరువాత నిజాము కళాశాల యైన విద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడయ్యెను. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో పాటలు కట్టినది. ఎనిమిదిమంది బిడ్డలలో సరోజిని పెద్దది. తండ్రి సామాన్యుడు కాడు. చాందా రైలుమార్గపు వ్యవహారమున ప్రభుత్వమును ప్రశ్నించినందుకు 1883లో ఆయనను రాజ్యమునుండి వెళ్లగొట్టిరి, మరల పిలిపించుకొనిరి. ప్రభువులకు ఎదురాడుట ఆ యింట బిడ్డలు అన్నముతోపాటు నేర్చిన విద్య.

ఇచ్చట మా విషయమునకు సంబంధించిన యొక ముచ్చట చెప్పక తప్పదు. ఆమెకు పదియేండ్ల వయస్సున, 1889లో, హైదరాబాదు నగరము ప్రపంచవైద్యుల నోట నానినది. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ అనునతడు క్లోరోఫారము మత్తు మొదట గుండెను చంపునా, ఊపిరిని చంపునా యని తేల్చుటకు నిజాము ధనముతో ఒక పరిశోధకసంఘమును నడిపెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు దానికై ఇంతదూరము వచ్చెను. మత్తిచ్చిన జంతువుల రక్తనాళమునకు గొట్టము తగిల్చి, రక్తపు పోటు హెచ్చుతగ్గులను తిరుగుడు చక్రముమీద గీతలుగా దింపిరి. ఆ సంఘము తేల్చిన సిద్ధాంతము తరువాత నిలువలేదు. అది వేరు మాట. రక్తపు పోటును కంటికి కనబడునట్లు కొలిచిన పని మాత్రము మన నగరమున అంతకాలము క్రిందటనే జరిగినది. కాని మనుష్యుని నాళము కోయక ఆ పోటును సులభముగా కొలుచు సాధనము అప్పటికి వైద్యుల నిత్యవాడుకలోనికి రాలేదు.

సరోజిని పండ్రెండవయేట మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో ప్రథమస్థానమున నెగ్గెను. దేశమంతట ఆ వార్త ప్రాకినది. మరుసటియేట ఆరు దినములలో పదమూడువందల పంక్తుల కావ్యమొకటి వ్రాసెను. వెంటనే జబ్బుపడెను. వైద్యుడు వచ్చి, దేహస్థితి బాగులేదు, పుస్తకము ముట్టరాదని శాసించెను. ఆ వైద్యుని యెడ పంతముపట్టి, ముందాలోచన యేమియు లేక, ఆమె రెండువేల పంక్తుల నాటకమును వ్రాసి పారవేసెనట. తన ఆరోగ్యము శాశ్వతముగా దెబ్బతిన్నది ఆనాటనేయని తరువాత ఆమెయే మిత్రునికి వ్రాసికొనెను. ఈ సంగతిని చదువువారందరు బాలమేధకు మురియుదురు. మాకు మాత్రము ఆ వైద్యుని ముఖము కనబడుచున్నది. ఆయన చెప్పినది తప్పు కాదు. ఆ బాలిక చేసినదియు తప్పనుటకు మనసొప్పదు. కాని వైద్యుని మాటకు నవ్వి పనిలో దూకుట ఆమెకు అప్పుడబ్బిన అలవాటు. డెబ్బదియేండ్లు నిండినను వదలలేదు.

1895లో నిజాము మహబూబు అలీఖాను ఇచ్చిన విద్యార్థివేతనముతో ఆమె ఇంగ్లండుకు పోయెను. లండనులోని కింగ్స్ కళాశాలయందును, కేంబ్రిడ్జిలోని గిర్టన్ నందును చదివెను. పట్టము పొందలేదు. మంచుదేశపు చలికి దేహము మరల చెడి, 1898లో ఇంటికి తిరిగి వచ్చెను. ఆ సంవత్సరాంతముననే మద్రాసున డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని పెండ్లాడెను. ఆయన తెలుగువారు; ఎడింబరోలో వైద్యము చదివి నిజాము కొలువున వైద్యాధికారిగా నుండిరి. వంగబ్రాహ్మణకన్య, ఆంధ్రుడైన బ్రాహ్మణేతర వైద్యుడు: ఆ కాలమున ఈ వివాహము చిన్న సాహసము కాదు. దానిని జరిపించినది మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. అటుపై అయిదారేండ్లలో నలుగురు బిడ్డలు కలిగిరి. జయసూర్య వైద్యుడై 1952లో మెదకునుండి లోకసభకు ఎన్నికయ్యెను. పద్మజ 1956 మొదలు పశ్చిమవంగమునకు గవర్నరుగా నుండెను.

ఆమె మొదటి కవితాసంపుటము గోల్డెన్ థ్రెషోల్డ్ 1905లో లండనున అచ్చుపడెను. అదే సంవత్సరమున రుష్యాదేశమున కొరొట్కాఫ్ అను యువశస్త్రవైద్యుడు ఒక చిన్న వ్యాసము చదివెను. చేతికి రబ్బరు పట్టీ చుట్టి గాలి నింపి రక్తపు పోటును కొలుచు పద్ధతిని ఇటలీవాడైన రివారొచ్చి 1896లోనే కనుగొనియుండెను. కొరొట్కాఫ్ చెప్పినదేమనగా, గాలిని మెల్లగా వదలుచు మోచేతిమడతలోని నాళముపై చెవిగొట్టముంచి వినినచో, చప్పుడు మొదలైనచోట పై అంకెయు, ఆగినచోట క్రింది అంకెయు తెలియుననుట. గుండె ముడుచుకొని నెత్తురును నెట్టినప్పటి ఒత్తిడి పైది. గుండె సేదదీరునప్పటి ఒత్తిడి క్రిందిది. పాదరసము ఎన్ని మిల్లీమీటరులు లేచెనో ఆ లెక్క. నూటయిరువది, ఎనుబది యున్నచో మేలు; నూటనలుబది, తొంబది దాటి నిలిచినచో రోగము. ఎనిమిదణాల విలువచేయని ఈ ఉపాయము మానవజాతికి చేసిన మేలు ఎన్నో పెద్ద కనిపెట్టుటలు చేయలేదు. కాని కొలుచుట వేరు, దించుట వేరు. కొలత 1905లో చేతికి వచ్చినది. దించు మందు ఇంకను అర్ధశతాబ్దము దూరమున నుండెను. సరోజినీదేవి ప్రజాజీవితమంతయు ఈ ఎడములోనే గడచినది.

1908 సెప్టెంబరున మూసీనది పొంగి హైదరాబాదును ముంచినప్పుడు ఆమె దిక్కులేనివారికి తోడుగా నిలిచెను. ఆమె సేవకు ప్రభుత్వమిచ్చిన కైసరెహింద్ పతకమును జలియన్‌వాలాబాగు హత్యల పిమ్మట తిరిగి ఇచ్చివేసెను. ఈ మధ్యకాలమున గుండె నీరసించి పలుమారులు మంచము పట్టెను. 1914లో చికిత్సకై లండనుననే యుండెను. గాంధీ మహాత్ముని మొదటిసారి చూచినదియు అప్పుడే. దక్షిణాఫ్రికానుండి అప్పుడే దిగిన ఆయన ఒక పాత బసలో, నేలపై పరచిన కంబళిమీద కూర్చుండి, చెరసాలలోని కొయ్యగిన్నెతో పిసికిన టమాటాలును, ఆలివునూనెయు భుజించుచుండెను. గుమ్మమున నిలిచి ఆమె ఫక్కున నవ్వెను. భోజనము పంచుకొమ్మని ఆయన పిలువగా, అట్టి అసహ్యమైన కూడు తనకు వలదనెను. ఆ స్నేహము మూడు పదుల యేండ్లు నడిచినది. ఆయన పత్యమును ఆమె ఎన్నడును పాటింపలేదు. రుచిగల భోజనము, పదిమందితో గోష్ఠి, అర్ధరాత్రివరకు మాట, మరునాడు రైలు ప్రయాణము: ఇది ఆమె దినచర్య. 1919లో ఇంగ్లండు, 1924లో తూర్పు దక్షిణాఫ్రికాలు, 1925లో కాన్పూరు కాంగ్రెసు అధ్యక్షపీఠము, 1928లో అమెరికా. దేహము బాగుగా నున్న పురుషుడు సైతము ఇంత తిరుగుడుకు కూలబడును.

ఇక ఉప్పు సంగతి. 1930 మే నెలలో మహాత్ముడును, తరువాత అబ్బాస్ త్యాబ్జీగారును పట్టుబడినపిమ్మట ధరాసన ఉప్పుకొఠారులపైకి సత్యాగ్రహులను నడిపించు భారము ఆమెపై బడెను. ఏబదియొకయేండ్ల రోగిష్ఠిస్త్రీ వైశాఖపుటెండలో దారిమీద కుర్చీ వేసికొని కూర్చుండెను. మే 21న దాదాపు రెండువేల అయిదువందలమంది కార్యకర్తలు లాఠీల క్రింద తలలొగ్గుటను కనులార చూచెను. ఆ దినమే పట్టుబడెను. ఆ ఉప్పుకే నేటి వైద్యులు రక్తపు పోటు కారణములలో పెద్దపీట వేయుచున్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ దినమునకు అయిదు గ్రాములు దాటవలదని హద్దు పెట్టినది. ఆవకాయయు, అప్పడమును, ఊరుమిరపకాయయు లేక ముద్ద దిగని మన తెలుగువారికి ఈ హద్దు వినుటకే కష్టము. కొందరు దీనిని పట్టుకొని ఉప్పు సత్యాగ్రహమును హాస్యమాడుట విన్నాము. అది అవివేకము. ఎండలో చెమటోడ్చు కూలివానికి ఉప్పు ప్రాణాధారము. దానిపై పన్ను వేసినవాడు వాని ప్రాణముపై పన్ను వేసెను. మేడలో చల్లనిగాలి క్రింద కూర్చుండి చెమట యెరుగనివాడు పొట్లములలోని కారపువస్తువులను నమలుచు ధరాసన పేరు చెప్పుటకు అర్హుడు కాడు.

మహాత్మునికే రక్తపు పోటు విపరీతముగా నుండెనని చాలమందికి తెలియదు. భారత వైద్యపరిశోధనమండలి 2019లో ప్రకటించిన ఆయన ఆరోగ్యపత్రముల ప్రకారము 1937 అక్టోబరున అది 194, 130. 1940 ఫిబ్రవరిన 220, 110. తెల్లవారుఝామున లేచి మైళ్లకొలది నడచి, మితముగా తిని, పొగయు మద్యమును ముట్టని మనుష్యునికి ఈ అంకెలు! కనుక రక్తపు పోటు తిండిపోతుల రోగమని వెక్కిరించువారు ఈ అంకెలను తలచుకొనవలెను. ఆయనకు వైద్యులు చెప్పగలిగినది విశ్రాంతి. ఆయన తనకు తాను చేసికొన్నది మౌనము, తలపై తడిమన్ను పట్టీ. అవి ఆయనకు అక్కరకు వచ్చెననియే నమ్ముచున్నాము. కాని అవి కోట్లమందికి పంచిపెట్టదగిన మందులు కావు.

1942 ఆగస్టున ఆగాఖాను మందిరమున ఆయనతోపాటు సరోజినీదేవియు బంధింపబడెను. పట్టుబడిన ఆరవనాడే మహాదేవ దేశాయి ఏబదియేండ్లకే హఠాత్తుగా పడిపోయి మరణించుట ఆమె చూచెను. 1943 ఫిబ్రవరిలో మహాత్ముడు చేసిన ఇరువదియొక్క దినముల ఉపవాసమును దగ్గరనుండి కాచెను. మార్చిలో ఆరోగ్యము చెడిన కారణమున ఆమెను విడుదల చేసిరి. మరుసటియేట కస్తూరిబా ఆ మందిరముననే కన్నుమూసెను.

రక్తపు పోటు ముందు ఆనాటి వైద్యము ఎంత నిస్సహాయమో తెలియుటకు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు కథ చాలును. ఆయనను నిత్యము చూచు వైద్యుడు చెవి ముక్కు గొంతుల వైద్యుడు. అధ్యక్షునికి ఏ లోపమును లేదని ప్రజలకు చెప్పుచుండెను. 1944 మార్చిలో హోవర్డ్ బ్రుయెన్ అను యువహృదయవైద్యుడు పరీక్షింపగా పోటు 186, 108. గుండె ఉబ్బి నీరసించినది. ఉప్పు తగ్గించిరి, సిగరెట్లు తగ్గించిరి, గుండెకు డిజిటాలిసును, నిద్రకు మత్తుమందును ఇచ్చిరి. అంతకుమించి వారి చేత ఏమియు లేదు. ఆ స్థితిలోనే ఆయన నాలుగవమారు ఎన్నికకు నిలిచి గెలిచెను. యాల్టాకు పోయి లోకమును పంచు మాటలాడి వచ్చెను. 1945 ఏప్రిలు 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ లో చిత్రకారిణి ఎదుట కూర్చుండియుండగా తలవెనుక భయంకరమైన నొప్పియని చెప్పి వ్రాలిపోయెను. అప్పుడు పోటు 300 దాటినది. క్రింది అంకె 190. మెదడులో నాళము చిట్లినది. రెండు గంటలు దాటిన కొలదిసేపటికే ప్రాణము పోయెను. బ్రుయెన్ ఈ అంకెలను 1970వరకు బయటపెట్టలేదు. ప్రపంచమున అత్యంత బలవంతుడైన పాలకునికి ఒక సంవత్సరము ముందుగానే రోగము కొలువబడినది. దించు సాధనము లేక అది తన దారిన తాను నడిచినది.

సరోజినీదేవి గవర్నరైన తీరును వింతయే. నేటి ఉత్తరప్రదేశమగు సంయుక్తరాష్ట్రమునకు నెహ్రూ మొదట నియమించినది వైద్యుడైన విధానచంద్రరాయిగారిని. ఆయన అప్పుడు విదేశముననుండుటచే తాత్కాలికముగా 1947 ఆగస్టు 15న ఆమె ప్రమాణము చేసెను. ఆయన ఆ పదవి వలదనుటతో ఆమెయే స్థిరపడెను. అడవిపిట్టను పంజరమున పెట్టిరని ఆమె వాపోయెనట. అటుపై అయిదునెలలకే మహాత్ముడు హతుడయ్యెను. 1948 సెప్టెంబరున ఆమె పుట్టిన హైదరాబాదు భారతదేశమున కలిసెను. సంతోషమును దుఃఖమును ఒక్కుమ్మడిగా మోసిన ఆ పందొమ్మిది నెలలు ఆమె దేహమును మిగిల్చినట్లు లేదు.

1949 ఫిబ్రవరి 13న ఆమెకు డెబ్బది నిండినవి. 15న ఢిల్లీనుండి లక్నోకు తిరిగి వచ్చునప్పటికి వైద్యులు విశ్రాంతి తప్పదనిరి, ఏర్పాటులన్నిటిని రద్దుచేసిరి. పుస్తకము ముట్టవలదన్న బాల్యవైద్యునికి నాటకము వ్రాసి జవాబిచ్చిన ఆమె ఈమారు వైద్యుల మాట వినవలసి వచ్చినది. మార్చి 1న తలనొప్పి తీవ్రమయ్యెను. రాత్రి నెత్తురు తీసిరి. దగ్గుతెర వచ్చి సొమ్మసిల్లెను. పదిన్నర దాటినపిమ్మట, పరిచర్య చేయుచున్న నర్సును ఒక పాట పాడుమని అడిగెను. ఆ పాటతో నిద్రపోయెను. రాత్రి మూడున్నర గంటలకు గుండె ఆగినది. గోమతీతీరమున దహనము జరిగెను.

వైద్యులు ప్రకటించిన మరణహేతువు గుండె ఆగుట. మేము దానిని మార్చబోము. తలనొప్పి, నెత్తురు తీయుట అను రెండు గుర్తులు మాత్రము నాటి వైద్యమేపాటిదో చెప్పుచున్నవి. మితిమీరిన రక్తపు పోటును అప్పటికప్పుడు దించుటకు 1949లో వైద్యుల చేత నుండినవి వ్రేళ్లపై లెక్కింపవచ్చును: మత్తుమందు, ఉప్పులేని తిండి, వెన్నుపక్క నరములను తెగగోయు ఘోరశస్త్రము, మరియు గ్రీకు వైద్యులనాటినుండి వచ్చుచున్న నెత్తురు తీయుట. నాళములో ద్రవము తగ్గిన ఒత్తిడి తగ్గునన్నమాట నిజమే. కాని తీసిన నెత్తురును నిమిషనిమిషమునకు హెచ్చించి తగ్గించుట సాధ్యము కాదు. నీరసించిన గుండెకు అది ఉపకారమో అపకారమో ముందుగా తెలియదు.

విధివిలాసమేమనగా, సరిగా ఆ 1949లోనే బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలుగారు బ్రిటిషు హృదయవైద్యపత్రికలో సర్పగంధ వేరును గూర్చి తన అనుభవమును ప్రకటించిరి. ఆ వేరు మన ఆయుర్వేదమునకు తరతరములనుండి తెలిసినది. ఉన్మాదమునకు, నిద్రలేమికి వాడుచుండిరి. కలకత్తాలో గణనాథసేనుడును, కార్తికచంద్రబోసును 1931లోనే అది రక్తపు పోటును దించునని వ్రాసిరి. మనదేశపు పత్రికలో వ్రాసిరి గనుక ఎవ్వరును చూడలేదు! వకీలుగారు విలాయతు పత్రికలో వ్రాసినపిమ్మట అమెరికా కన్ను తెరచినది. 1952లో స్విట్జర్లాండున దానినుండి రెసర్పినును వేరుచేసిరి. మన పెరటిమొక్క మందని మనకు పరాయివాడు చెప్పవలసివచ్చుట ఈ దేశపు పాతజబ్బు. ఆ మందు కొందరికి మనోవ్యాకులత తెచ్చుటచే వెనుకబడినది. 1958నాటికి మూత్రముద్వారా ఉప్పును వెళ్లగొట్టు థయజైడులు వచ్చినవి. 1967, 1970లలో అమెరికాలో ఫ్రైస్ అను వైద్యుడు నడిపిన పరీక్షలు పోటును దించినచో పక్షవాతము తగ్గునని సందేహములేక తేల్చినవి. నేడు ఆ జాతి మాత్ర ధర ఒక గుక్కెడు చాయ ధరకు మించదు.

మెదడులో నాళము చిట్లుట యెట్లు జరుగునో చెప్పవలెను. ఏండ్లకొలది హెచ్చిన ఒత్తిడి మెదడు లోతులలోని వెంట్రుకవంటి నాళముల గోడలను కొరుకును. ఒకనాడు ఒకటి తెగును. కపాలము గట్టి పెట్టె. లోపల చేరిన నెత్తురుకు చోటు లేదు. గడ్డ మొదటి కొన్ని గంటలలో పెరుగును. పోటు హెచ్చుగానున్నంతసేపు ఇంకను పెరుగును. ఇట్టివారిలో పదుగురికి నలుగురు నెలలోపల మరణింతురు. మిగిలినవారిలో పెక్కురు కాలో చేయో మాటయో పోగొట్టుకొందురు. చిరకాలము దీనికి చేయదగినది లేదని వైద్యులే చేతులు ముడుచుకొనిరి. 2023లో లాన్సెటు పత్రికలో వెలువడిన మూడవ ఇంటరాక్టు పరీక్ష ఆ నిరాశను కదిలించినది. భారతదేశము చేరిన పది దేశములలో 7,036 మందిపై జరిగినది. పై అంకెను గంటలోపల 140కి దించుట, చక్కెరను జ్వరమును అదుపుచేయుట, నెత్తురు పలుచబరచు మందు వాడినవారికి విరుగుడిచ్చుట: ఇవన్నియు ఒక్కటిగా చేసినచోట ఎక్కువమంది బ్రతికిరి, తక్కువ వికలాంగులైరి. కొత్త మందేమియు లేదు. ఉన్నవానిని వేళకు చేయుటయే.

అయితే ఇంటిలోనే పోటు దించుటకు తొందరపడరాదు. పక్షవాతములలో ఎక్కువభాగము నాళము మూసికొనిపోవుటచే వచ్చునవి. అందు పోటును ముందుగా దించిన మెదడుకు అందు కొద్ది నెత్తురును అందదు. ఆంబులెన్సులోనే పోటు దించి చూచిన చీనాదేశపు పరీక్ష 2024లో దీనినే చూపినది: చిట్లినవారికి మేలు, మూసికొన్నవారికి కీడు. ఏది చిట్లినదో, ఏది మూసికొన్నదో వ్రాలిన మూతియు జారిన చేయియు చెప్పలేవు, తలకు సి.టి. చిత్రము తీయవలెను. అతిగా దించినను మూత్రపిండములకు హాని.

ఇంత సాధనసంపత్తి మన నగరమున, అందును ఆ పడమటి అద్దాల మేడల చుట్టును, నడకదూరమున నున్నది. 1949లో గవర్నరుకు లేనిది నేడు అచ్చటి కాపలాదారునికిని దొరకవచ్చును. లోపించినది కొలత. ముప్పది ముప్పదియైదేండ్ల యువకుడు, అమెరికా పగటికి తన రాత్రిని అమ్ముకొని, నిద్ర చెడి, నడక మాని, చేతికి పట్టీ చుట్టించుకొనుట యెరుగక యుండును. పోటు నొప్పి పెట్టదు గనుక లేదనుకొనును. పల్లెలలో మన భూస్వాములును తీసిపోరు. రెండు నెలలు మాత్ర మ్రింగి, అంకె దిగినదని వైద్యుడు చెప్పగానే రోగము పోయెననుకొని మానివేయుదురు. అంకె దిగినది మాత్రవలననే యని వారికి చెప్పువాడు లేడో, చెప్పినను వినరో. మహాత్ముని అంకెలను దించుటకు, రూజ్‌వెల్టు అంకెలను దించుటకు లోకములోని వైద్యులెల్ల తడుముకొనిన కాలమునుండి ఎన్నో యేండ్లు గడచినవి గదా!

ఇంటిలో ఎవరికైన హఠాత్తుగా మూతి వంకరపోయి, చేయి పట్టుదప్పి, మాట తడబడి, లేక ఎన్నడెరుగని తలనొప్పి వచ్చి వాంతి యైనచో, నిమ్మరసమును, నాలుక క్రింది మాత్రను వెదకక, 2005లో ఈ నగరముననే మొదలైన 108 బండిని పిలిచి, రాత్రియైనను సి.టి. యంత్రముగల ఆసుపత్రికి చేర్పవలెను. పోవునప్పుడు రెండు సంగతులు కాగితముపై వ్రాసి తీసికొనిపోవుట మేలు: ఆ మనుష్యుడు బాగుగానుండగా చివరిసారి చూచిన గంట యెంత, నిత్యము మ్రింగు మాత్రలేవి, అందు నెత్తురు పలుచబరచునవి యేవైన నున్నవా. వైద్యుడు మొదట అడుగునవి అవే.